కొరమీను చావలేదేం?

తెల్లవారి బారెడు పొద్దెక్కింది గాని మంచినీళ్ల గుంటలోకి ఒక్క బిందె దిగలేదు. గట్టు మీద బోర్లించిన తాటిదోనె మీద కూర్చుని పెద్దింటయ్య ఇప్పటికి నాలుగు చెంబుల నీళ్లు తాగాడు. దాహం వేసి కాదు, చూసేవాళ్ల కోసం. నీళ్లలో గులాబీ రంగు ఇంకా పూర్తిగా విరగలేదు, నాలిక మీద తుప్పు రుచి తగులుతోంది, పొట్ట ఉబ్బి వంగి కూర్చోవడం కష్టంగా ఉంది. అయినా ఆడవాళ్ల అలికిడి వినపడగానే మళ్లీ చెంబు ముంచుతాడు, అందరికీ కనపడేలా ఎత్తి పోసుకుంటాడు, గుటక గుటకకీ గొంతు కదిలేది వాళ్లు చూడాలని మెడ చాస్తాడు. వాళ్లు చూస్తారు. చూసి, పాపం అనుకుని, చంకన బిందె సర్దుకుని కాలవ వైపు వెళ్లిపోతారు. అరవై దాటిన మనిషి, లంకలో నీటి సంగతి ఎవరికి కావాలన్నా తన గుమ్మంలోకే రావలసిన మనిషి, పొద్దున్నే ఇలా నీళ్లు తాగి చూపించే పని పెట్టుకున్నాడు. మామూలు రోజుల్లో అయితే పిల్లలు చుట్టూ చేరి నవ్వేవాళ్లు. ఇప్పుడు పిల్లల్ని ఎవరూ బయటికి పంపడం లేదు.

కాలవ పైనుంచి వస్తుంది. ఎన్ని ఊళ్ల గుడ్డలు ఉతికి, ఎన్ని గొడ్లు కడిగి ఇక్కడికి చేరుతుందో లెక్కలేదు. వేసవిలో కొల్లేరు వెనక్కి తగ్గి లంక చుట్టూ బురదా కిక్కిస గడ్డీ మిగిలినప్పుడు తాగడానికి ఈ గుంటే దిక్కు, తాతల నాడు తవ్వుకున్నది. దీన్ని వదిలేసి కాలవ నీళ్లు తాగమన్నది ఎవరయ్యా అంటే తనే. ఎగువ ఊళ్లలో కలరా ఉందని తెలిసీ అన్నాడు. ఇరవై రోజుల్లో పదకొండు మంది పోయారు. మొదట పోయింది పడవలు కట్టే ముసలాయన, రెండోది ఆయన భార్య, మూడోది రేవు పక్కింటి బాలింతరాలు, నాలుగో మనిషి... నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి పెద్దింటయ్య మనసు పక్కకి తప్పుకుంటుంది, అయిదో మనిషి ఎవరా అని వెతుక్కుంటుంది. అదిగో గూడబాతులు, ఈ ఏడు తొందరగా లేచిపోతున్నాయి, నీళ్లు మరీ తగ్గాయి కాబోలు. దోనెకి అడుగున పగులు పడింది, తారు పుయ్యాలి. నాలుగో మనిషికి ఏడేళ్లు.

నిన్న సాయంత్రం అందరినీ పిలిచి చెప్పాడు కదా. నరసరాజు ఇంటి ముందు, కొడుక్కి వాంతులు మొదలయ్యాయని ఆ ఇంటి ఆడవాళ్లు ఏడుస్తుంటే, లంకంతా అక్కడే ఉంటే, మధ్యలో నిలబడి చెప్పాడు. "నేను అబద్ధం చెప్పానర్రా. గుంట నీళ్లు చావలేదు, వాటిలో విషమేం లేదు. నాకు తెలుసు. తెలిసే చచ్చాయని చెప్పాను. ఇన్‌స్పెక్టరుగారు మళ్లీ మందు కలిపి వెళ్లారు, ఆ నీళ్లే తాగండి, కాలవ జోలికి పోకండి." ఆ నాలుగు మాటలు కూడదీసుకోవడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. తంతారనుకున్నాడు, తన్నితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఎవరూ కదలలేదు. అంత దుఃఖంలోనూ నరసరాజే లేచి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, అరుగు మీద కూర్చోబెట్టి, "మనవరాలు పోయిన కాడ్నించీ ఆయన అన్నం సరిగా తినట్లేదండి. ఎవరన్నా కాస్త మజ్జిగ పట్రండి" అన్నాడు. మజ్జిగ తెచ్చింది పెద్దింటమ్మ, వరసకి కూతురు, భర్తని పోగొట్టుకుని పది రోజులు కాలేదు. గ్లాసు చేతికిస్తూ, "మీరలా అనుకోకండి బాబయ్యగారూ. మీ మాట విన్నాం గనకే కదండీ ఈమాత్రం మందిమన్నా మిగిలాం" అంది. ఆ మాట ఆమె ప్రేమతోనే అంది. పెద్దింటయ్య ఆ మజ్జిగ తాగాడు. తాగక ఏం చేస్తాడు.

అబద్ధం చెప్పినప్పుడు ఒక్కడంటే ఒక్కడు ఎందుకని అడగలేదు. నిజం చెబితే మజ్జిగ ఇచ్చారు. నీటి సంగతి పెద్దింటయ్యకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు అని నలభై ఏళ్లుగా అంటూ వచ్చారు, అతనూ వింటూ వచ్చాడు, ఆ మాట చెవికి ఎంత తియ్యగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పుడిసెడు నీళ్లు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, ఫలానా దిక్కున జెల్లలు పడతాయి వెళ్లండి అంటే వెళ్లేవాళ్లు. పడేవి. పడనప్పుడు మన అదృష్టం ఇంతే అనుకునేవాళ్లు గాని పెద్దింటయ్య చెప్పింది తప్పని ఎవరూ అనలేదు. అనాల్సింది. పదిసార్లలో నాలుగుసార్లు తప్పేవి, అతనికి బాగా తెలుసు.

ఈ గొడవంతా ఉండి ఊరి సంతలో మొదలైంది. వలకి నూలు బేరం చేస్తుంటే ఆ కొట్టువాడు ముక్కుపొడి పీలుస్తూ అన్నాడు, "ఇంకెన్నాళ్లు లెండి మీ వలలు. కొల్లేరు ఎండగట్టి వరి వేస్తారంట. ముందు నీళ్లలో మందు పోసి చేపని చంపేస్తే మీరే లేచిపోతారు గదండీ." నీకెవరు చెప్పారని అడగాలి కదా. దోనె కొనేటప్పుడు తాటిమానుని మూడు చోట్ల కొట్టి చప్పుడు వినే మనిషి, నూలు పోగుని పంటితో లాగి చూసే మనిషి, ఆ మాటని మాత్రం అటూ ఇటూ తిప్పి కూడా చూడకుండా మూటగట్టుకుని బయల్దేరాడు. ఎందుకంటే అది తన భయమే. ప్రతి వేసవిలో కొల్లేరు తగ్గుతుంటే, గట్ల వైపు వరి మళ్లు ఏడాదికో బారెడు లోపలికి జరుగుతుంటే, రాత్రిళ్లు తను పడే భయమే. అది ఇంకొకడి నోట వినేసరికి నిజమైపోయింది. పడవలో పక్కవాళ్లకి చెప్పాడు. ఒక్క నూలు కొట్టువాడు అన్నాడంటే చప్పగా ఉంది, సంతంతా అనుకుంటున్నారన్నాడు. కొల్లేటికోట రేవులో దిగేసరికి దొరలు వచ్చి కొలతలు వేసుకుని వెళ్లారన్నది చేరింది. సొంత లంకకి వచ్చేసరికి ఎక్కడో మందు పోశారు కూడా, చేపలు తెల్లగా తేలాయి కూడా, కళ్లారా చూసినవాడు తనకి చెప్పాడు. పొట్టిమనిషి, చెవికి పోగుంది. అలాంటి మనిషి ఎక్కడా లేడు. అయినా ఇవాళ్టికీ పెద్దింటయ్యకి ఆ చెవిపోగు కళ్ల ముందు కనపడుతూనే ఉంటుంది.

సరిగ్గా నెల తిరక్కుండా హనుమంతరావుగారు రానే వచ్చాడు, హెల్త్ ఇన్‌స్పెక్టరు. ఏలూరు నుంచి గుండుగొలను దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దుబండి, ఆపైన పడవ, చివర్న మోకాలి లోతు బురద. ఖాకీ నిక్కరు నిండా మట్టి, నెత్తిన టోపీ, చంకలో రేకు డబ్బా. గట్టు మీద ఎదురు నిలబడ్డాడు తను, తలపాగా సర్దుకుని మరీ. ఊట ఏ మూలన ఉంది, లోతెంత, ఈ నీళ్లకి ఏ మందు పడుతుంది అని అడుగుతాడు గదా అని. ఆయన "కాస్త తప్పుకోవయ్యా పెద్దాయనా, ఎండ ముదురుతోంది, ఇంకా నాలుగు లంకలు తిరగాలి" అని, డబ్బాలోంచి నల్లటి పలుకులు బకెట్టులో కరిగించి, ఆ ఎర్రనీళ్లు గుంటలో కుమ్మరించి, కలరా రాకుండా అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. తప్పుకోమన్నాడు, తను తప్పుకున్నాడు. అందరూ చూస్తుండగా తప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. పదకొండు ప్రాణాలు పోవడానికి వెనక ఉన్నది ఇంతేనా, ఒక ముసలాడి తలపాగానా అని ఇప్పుడు తనని తనే అడుగుతుంటే, ఇంతే అని జవాబు వస్తోంది. ఇంకేదన్నా పెద్ద కారణం దొరికితే బాగుండును.

ఆ మర్నాడు తెల్లారేసరికి గుంటలో చేపలు తేలి ఉన్నాయి. పరిగెలు, నాలుగు బొచ్చెలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని. కేక విని లంకంతా గట్టు మీదకి వచ్చింది. వచ్చి, చేపల వంక కాదు, తన ముఖం వంక చూశారు. "మీరు చెప్పండి పెద్దింటయ్యగారూ" అన్నాడు నరసరాజు. తను దిగాడు. మోకాళ్ల దాకా దిగి, దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు. అప్పుడు తనకి తెలిసిన సంగతులన్నీ వరసగా గుర్తొచ్చాయి, ఒక్కటి కూడా మరిచిపోలేదు, మరిచిపోయి ఉంటే ఈ వేళ ఇంత బాధ లేకపోను. ఇన్‌స్పెక్టరు రాకముందు రోజు తెల్లవారుజామునే ఇవే చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం తను చూశాడు. గాలి పడిపోయి ఉక్క పోసినప్పుడు, నీరు తగ్గిన గుంటలో ఊపిరి చాలక చేప చావడం ప్రతి వేసవిలోనూ ఉన్నదే. రాత్రంతా ఆకు కదలలేదు కూడా. అది గుర్తొస్తుండగానే, సరిగ్గా తన కళ్ల ముందు, మూరెడు దూరంలో, నల్లటి కొరమీను ఒకటి పైకి వచ్చి, నోరు తెరిచి, గుటుక్కున గాలి మింగి, తోక ఆడించి లోపలికి పోయింది. కొరమీను మిగతా చేపల్లాంటిది కాదు, పైకి వచ్చి మనలా గాలి పీల్చుకుంటుంది. నీళ్లలో ఊపిరి చాలనప్పుడు పరిగెలన్నీ చచ్చినా అది బతుకుతుంది. విషం పడితే మాత్రం అదీ చస్తుంది. కొల్లేటిలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేని సంగతి. చూశాడు తను. చూసి, దోసిట్లో నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మి, తలపాగా సర్దుకుని, "ఈ నీళ్లు చచ్చాయి. ముట్టుకోకండి" అన్నాడు. నేను నెల నుంచీ చెబుతున్నానా లేదా అని కూడా అన్నాడు. అందరి ముఖాల్లోనూ భయం, ఆ భయంలో తన మీద పాత గౌరవం. ఇన్‌స్పెక్టరు తీసుకెళ్లిపోయింది తిరిగి వచ్చేసింది. ఎంత హాయిగా ఉంది ఆ క్షణం.

"తాతా, మరి కొరమీను చావలేదేం?"

కాళ్ల దగ్గర, గట్టు అంచున, గౌను తడుపుకుని కూర్చుని మాణిక్యం అడిగింది. గట్టిగా అడగలేదు. అంతమంది పెద్దవాళ్లలో నీళ్ల వంక చూస్తున్నది అదొక్కతే. ఎప్పుడూ దాన్ని పల్లెత్తు మాట అనని తను, వలలు అల్లుతుంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని జెల్లకి మీసాలెందుకు, కొంగకి ఒంటికాలెందుకు అని అది అడిగే సవాలక్ష ప్రశ్నలకి మురిసిపోయే తను, "నోర్ముయ్. పెద్దోళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నీకేంటి" అన్నాడు. అది నిజంగానే నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. వెనక ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడైంది. తను తిరిగి చూడలేదు. ఆ రెండు చేతులూ ఎన్నాళ్లకీ కిందకి దించలేదు మాణిక్యం, పెద్దింటయ్య కలలో. నీళ్ల గురించి ఆ తరవాత ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, తొమ్మిది రోజులు.

తొమ్మిదో రోజు తెల్లవారి మొదలై, సాయంత్రానికి అయిపోయింది. కళ్లు లోపలికి పోయాయి, వేళ్లు ముసలివాళ్ల వేళ్లలా ముడుచుకున్నాయి. దాహం, దాహం అని ఒకటే గొడవ. నీళ్లు పట్టింది తనే, ఇదే చెంబుతో, కాలవ నుంచి తనే తెచ్చి, గుడ్డతో వడగట్టి మరీ. కొడుకు చిన్నరాజు పడవేసుకుని డాక్టరు కోసం వెళ్లాడు, తిరిగి వచ్చేసరికి డాక్టరుతో పని లేకుండా పోయింది. కోడలు నాగరత్నం ఏడవలేదు. తాడేపల్లిగూడెం వైపు పిల్ల, కాపరానికి వచ్చిన కొత్తలో దోనె ఎక్కాలంటే వణికేది, మావయ్యగారూ మావయ్యగారూ అంటూ తన చెయ్యి పట్టుకుని దిగేది. ఆ రోజు నుంచీ తనతో మాట్లాడలేదు. కంచం పెడుతుంది, ఆ పక్కన నీళ్లచెంబు పెడుతుంది, వెళ్లిపోతుంది. దుఃఖం గదా అన్నారు అందరూ. తనూ అలాగే అనుకున్నాడు, అనుకోవడమే తేలిక గదా. చిన్నరాజు అయితే ఇంటి పట్టునే ఉండడం లేదు, పొద్దస్తమానం కొల్లేటి మధ్యలోనే, వల వేస్తున్నాడో వెయ్యకుండా కూర్చుంటున్నాడో. ఒకే ఇంట్లో ముగ్గురు, మూడు లంకల్లో ఉన్నట్టు ఉన్నారు.

ఎండ దోనె మీదకి ఎక్కింది. నరసరాజు ఇంటి వైపు నుంచి ఏడుపు వినపడడం లేదు, అంటే కుర్రాడు ఇంకా ఉన్నాడు. ఆ పిల్లాడికి ఇప్పుడు ఏ నీళ్లు పడుతున్నారో. నిన్న రాత్రి తనే ఒక బిందెడు తీసుకెళ్లి గుమ్మంలో పెట్టాడు, కాచి పట్టండి అన్నాడు. పొద్దున్నే ఇటు వచ్చేటప్పుడు చూస్తే బిందె బోర్లించి ఉంది, మన్ను ఎర్రగా తడిసి ఉంది. మొన్న హనుమంతరావుగారు మళ్లీ వచ్చినప్పుడు, పాపం ఈసారి అడిగాడు. టోపీ తీసి, ఇదే దోనె మీద పక్కన కూర్చుని, "మీరు చెబితే వింటారటగా. మీరొక్క మాట చెప్పండి. ఈ నీళ్లు తాగించే పూచీ మీదేనండి" అన్నాడు. అండీ అన్నాడు. ఆ మర్యాద నెల రోజుల కింద దక్కి ఉంటే! చెప్పాడు తను. నమ్మలేదు. ఊరిని ఒక్క మాటతో అటు తిప్పినవాడు ఇటు తిప్పలేకపోతున్నాడు. ఇంతమంది మధ్య ఇంత ఒంటరితనం ఉంటుందని అరవై ఏళ్లలో తెలియలేదు. కొల్లేటి మధ్యలో ముసురు పట్టి దారి తప్పిన రాత్రిళ్లు కూడా ఇంత ఒంటరిగా లేడు, అప్పుడు ఏదో ఒక గట్టు మీద దీపం పెట్టుకుని తన కోసం చూసేవాళ్లుండేవాళ్లు. ఇప్పుడు అందరూ తన వంకే చూస్తున్నారు గాని వాళ్లు చూస్తున్న పెద్దింటయ్య వేరు. తప్పు చేసిన పెద్దింటయ్య ఒక్కడూ ఇక్కడ కూర్చున్నాడు, వాడున్నాడని కూడా ఎవరూ ఒప్పుకోవడం లేదు.

మళ్లీ అలికిడయింది. చెంబు కోసం చెయ్యి చాచి, తల ఎత్తి, అలాగే ఆగిపోయాడు. నాగరత్నం. చంకలో ఇత్తడి బిందె, నెత్తిన కొంగు. ఆమెకి పది అడుగుల వెనక పెద్దింటమ్మ, కాలవ నుంచి నిండు బిందెతో తిరిగి వస్తోంది. నిన్న సాయంత్రం అందరూ తన చుట్టూ చేరినప్పుడు గుంపు చివర నిలబడి, మజ్జిగ వచ్చేలోపే చటుక్కున తిరిగి వెళ్లిపోయింది నాగరత్నం, అది ఇప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు వెళ్లిపోయిందో అప్పుడు ఆలోచించలేదు. ఆమె కాలవ దారి పట్టలేదు. గట్టు మీదకి ఎక్కింది, తనని దాటింది, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మెట్టు మెట్టుగా గుంటలోకి దిగింది. అరచేత్తో పైనీళ్లు పక్కకి తోసి, బిందె వంచింది. గులాబీ రంగు నీళ్లు బుడబుడమంటూ లోపలికి వెళుతుంటే పెద్దింటయ్య చెంబు అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. నమ్మింది. లంకలో ఒక్క మనిషన్నా నమ్మింది. అమ్మా అని లేవబోయాడు, ఏదో అనబోయాడు, ఇరవై రోజులుగా దాచుకున్నదంతా. ఆమె బిందె చంకనెత్తుకుని పైకి వచ్చి, తన ఎదురుగా ఆగింది. ముఖం చూడలేదు. నీళ్ల వంకే చూస్తూ, మెల్లిగా, ఎప్పటి మర్యాదతోనే అంది.

"పిల్ల ఆ రోజే అడిగింది గదండీ, మావయ్యగారూ."

ఆ బిందె చప్పుడు. వెనక ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు. అది నాగరత్నమే. ఆమె నమ్మింది నిన్న కాదు, ఆ రోజు నుంచీ ఆమెకి తెలుసు. తెలిసీ కంచం పెట్టింది, నీళ్లచెంబు పెట్టింది. అడిగింది తన కూతురు, నోర్మూయించింది మావయ్యగారు, మరి తనెందుకు నోరు మూసుకుంది అని ఈమె కూడా రోజూ తనని తను అడుక్కుంటోందేమో. అతను అది అడిగేదాకా ఆమె ఆగలేదు. నడిచి వెళ్లిపోయింది, నీళ్లు తొణక్కుండా, నరసరాజు ఇంటి వైపు. దారిలో పెద్దింటమ్మ ఆమె బిందె వంక, ఆమె ముఖం వంక మార్చి మార్చి చూసింది. ఏదో అడిగింది. నాగరత్నం ఏదో చెప్పింది, రెండు ముక్కలు, ఇక్కడికి వినపడలేదు. పెద్దింటమ్మ దోనె మీద కూర్చున్న ముసలాయన వంక చూసింది. ఈసారి ఆ చూపులో జాలి లేదు. చంకలో బిందె దించి, కాలవ నీళ్లు మట్టిలో గుమ్మరించి, అతని వంక మళ్లీ చూడకుండా, పలకరించకుండా, అతని పక్క నుంచే గుంటలోకి దిగింది.

పెద్దింటయ్య చెంబు పక్కన పెట్టేశాడు. ఇక తాగి చూపించాల్సిన పని లేదు. నీళ్లు కాస్త సద్దుమణిగాక, అవతలి మూల, నల్లటి కొరమీను పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగి లోపలికి పోయింది. అదిగో అనబోయి, అలవాటుగా కాళ్ల దగ్గరికి చూశాడు. అక్కడ అడిగేవాళ్లెవరూ లేరు.